చుట్టు దారికి కిలోమీటర్ల లెక్క చాలదు



వానలు పడి కొండలు పచ్చబడగానే గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుంచి కుటుంబాలూ, కళాశాల విద్యార్థులూ ఒక్కరోజు నడక కోసం వికారాబాదు దగ్గరి అనంతగిరికీ, నల్లమల అంచులకూ బయలుదేరుతుంటారు. ఇటువంటి కొండదారులను పరిచయం చేసే పత్రికల ఆదివారం అనుబంధాలు నగరం నుంచి ఎంత దూరం, దారి మొత్తం ఎన్ని కిలోమీటర్లు అన్న రెండు అంకెలతోనే తరచుగా సరిపెడుతున్నాయి. బయలుదేరిన చోటికే మరో వైపు నుంచి తెచ్చి చేర్చే దారికి, అంటే చుట్టు దారికి, ఆ రెండు అంకెలు ఎంతమాత్రం చాలవు. నడకకు పట్టే గంటలు, ఎక్కవలసిన మొత్తం ఎత్తు, తాగునీరు దొరికే చివరి చోటు, బయలుదేరడానికి చివరి వేళ చెప్పని పరిచయం పాఠకుణ్ణి ఆకర్షిస్తుందే గాని కాపాడదు.

వెళ్లిన దారినే వెనక్కి వచ్చే నడకలో ఎక్కడ అలసట కలిగినా తిరిగి రావచ్చు, పైగా తిరుగుదారి అప్పటికే చూసినదై ఉంటుంది. చుట్టు దారిలో సగం దాటాక వెనక్కి మళ్లడం కంటే ముందుకు పోవడమే దగ్గర అవుతుంది, కాని ఆ ముందున్న సగం తాము ఇంకా చూడనిది. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు మధ్యాహ్నపు వానకు పొంగితే వెనకదారి మూసుకుపోతుంది. రెండో సగంలో అలాంటి వాగే మరొకటి ఉందో లేదో కొత్తవారికి తెలియదు. అందువల్ల ఫలానా వేళకు సగం దూరం చేరకపోతే వెనక్కి మళ్లాలన్న నిర్ణయం బయలుదేరక ముందే జరిగి తీరాలి. అలసిన మనిషి కొండ మీద తీసుకునే నిర్ణయం మీద ఆధారపడటం మంచిది కాదు.

ఎత్తు విషయంలోనూ చుట్టు దారి భ్రమ కల్పిస్తుంది. మొదలూ చివరా ఒకే చోటు కాబట్టి ఎక్కినదంతా దిగినట్టే లెక్క అనిపిస్తుంది గాని, లోయలోకి దిగి మళ్లీ గట్టెక్కిన ప్రతిసారీ కాళ్ల మీద పడే భారం పెరుగుతూనే ఉంటుంది. ఆ ఎక్కుళ్లన్నీ కలిపితే వచ్చేదే ఎక్కవలసిన మొత్తం ఎత్తు. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన లెక్క నేటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ ప్రకారం 15 కిలోమీటర్ల దారిలో మొత్తం 600 మీటర్ల ఎక్కుడు ఉంటే నాలుగు గంటలు పడుతుంది. అయితే అది చల్లని దేశంలో, దిట్టమైన నడకగాళ్లకు, ఎక్కడా ఆగకుండా సాగే నడకకు వేసిన లెక్క. పిల్లలు, పెద్దవాళ్లు, భోజన విరామం, తెలంగాణ ఎండ కలిస్తే దానికి సగం కలిపి ఆరు గంటలు అనుకోవడం న్యాయం. డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం 5:40 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, చెట్ల కింద అంతకంటే ముందే చీకటి పడుతుంది. కాబట్టి ఒక గంట వ్యవధి చేతిలో ఉంచుకుంటే పది గంటల తర్వాత ఆ దారిలో అడుగు పెట్టనే కూడదు. గౌడవెల్లి నుంచి నగరాన్ని చుట్టుకుని అనంతగిరి చేరవలసినవారికి దీని అర్థం తెల్లవారుజామునే ఇల్లు విడవడం.

ఈ జాగ్రత్త తెలుగువారికి కొత్తది కాదు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలంలో తొలిపావంచా దగ్గర మొదలయ్యే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు చాలామంది మధ్యాహ్నం దాటాక బయలుదేరి, నిండుకు దగ్గరైన చంద్రుడి వెలుగులో రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా మంచినీరు, మజ్జిగ, వైద్య శిబిరాలు ఉంటాయి, నడవలేనివారు ఎక్కడికక్కడ విశాఖ వీధుల్లోకి తప్పుకోవచ్చు. తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్లే అరుణాచలంలో 14 కిలోమీటర్ల చుట్టూ ఉన్న అష్టలింగాలు, అంటే ఎనిమిది దిక్కుల లింగాలు, ఎంత నడిచారో, ఎంత మిగిలిందో యాత్రికుడికి వేరే చెప్పనక్కరలేకుండా తెలుపుతాయి. వేళ, వెలుగు, నీరు, దూరపు గుర్తులు, మధ్యలో బయటపడే దారి అన్నీ ఆ ప్రదక్షిణల్లో ముందే అమరి ఉన్నాయి. అడవిలోని చుట్టు దారిలో ఇవేవీ ఉండవు, రాత్రి నడక తగదు. అక్కడ లేనిదాన్ని ముద్రించిన సమాచారమే పూరించాలి.

దక్కన్ గుట్టల స్వభావం కూడా అందులో చేరాలి. కీసరగుట్ట పరిసరాల్లో కనిపించేటటువంటి నల్లరాతి బండలు మధ్యాహ్నానికి కాగిపోయి సాయంత్రం దాకా సెగ కక్కుతాయి. నీడలేని ఆ బండల మీద మనిషికి గంటకు అర లీటరు నీరు కనీస అవసరం, ఎండాకాలంలో అదీ చాలదు. బండల చూరు కింద బారెడు పట్టులు పెట్టే కొండ తేనెటీగలు పొగకూ, రాళ్లు విసరడానికీ, ఘాటైన అత్తరు వాసనకూ రేగి చాలా దూరం వెంటాడతాయి, అటువంటి పట్టు ఉన్న చోట దారి మూసుకుపోయిందని భావించి నిశ్శబ్దంగా వెనుదిరగవలసిందే.

కావున కొండదారులను పరిచయం చేసే ప్రతి వ్యాసం చివర పైన చెప్పిన నాలుగు వివరాలనూ తప్పనిసరిగా ప్రచురించాలనీ, అటవీ శాఖ, పర్యాటక శాఖ అవే వివరాలను దారి మొదట్లోనే పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాయించి, సగం దూరం పడే చోట ఒక గుర్తురాయి పాతించాలనీ విన్నపం. నడవబోయేవారు ఎటు వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి రావలసినదీ ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి బయలుదేరాలి. లోయల్లో సెల్‌ఫోన్ సిగ్నల్ అందని వేళ, 108కీ 112కీ వారి తరఫున ఫోను చేయగలిగేది ఆ కాగితం చేతిలో ఉన్న మనిషే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గౌడవెల్లి, మేడ్చల్