లోపమును గూడ కాపాడుడు

ప్రాతయింటి యటుకమీదనో, సంస్థానపు కొలువుకూటపు గోడమీదనో 1857 నాటి సైనికుని తుపాకి కనబడినంతనే దానిని బాగుచేయింపవలెనన్న కోరిక పుట్టుట సహజము. గుఱ్ఱము విఱిగియుండును, టోపీ తగిలించు ముక్కు త్రుప్పుపట్టి యుండును, మందు దట్టించు గజము మాయమై యుండును. వెంటనే భాగములకై వెదకులాట మొదలగును. వెదకుట తప్పు కాదు. దేనికి వెదకుచున్నామో యెఱుగకుండుటయే తప్పు.

1853 మాదిరి ఎన్‌ఫీల్డు తుపాకినే తీసికొందము. గొట్టపు రంధ్రము .577 అంగుళము, లోపల మూడు మెలిగాడులు. మాదిరి యొకటే యైనను పుట్టుక యొకటి కాదు. బర్మింగ్‌హాము, లండను పనివారు చేతితో ఆకురాయి పట్టి కూర్చినవాని భాగములు మఱియొకదాని కతుకవు. ఎన్‌ఫీల్డు సర్కారు కర్మాగారమున అమెరికా యంత్రములపై చేసినవానికి మాత్రము పరస్పరము సరిపోవును. ఇటలీలో తయారగు నకళ్ళ మరచీలలు మిల్లీమీటరు కొలతవి. ప్రాత రంధ్రములను పాడుచేయును. 2003లో నేపాళపు ప్రాత ఆయుధశాలనుండి అమెరికా వర్తకులు కొనిపోయిన సరకువంటి చోట్లనే అసలు భాగములు దొరకును. కావున తుపాకిమీది ముద్రలు చదివిన పిమ్మటనే వెదకవలెను.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి కలదు. 1857 సమరము తరువాత ఆంగ్ల ప్రభుత్వమునకు సిపాయిపై నమ్మకము పోయెను. వానికై మెలిగాడులు లేని నున్నని గొట్టమును, దూరపు గురిపలకకు మాఱుగా కదలని చిన్న దిమ్మను ఏర్పఱచిరి. 1858, 1859 మాదిరు లిట్టివే. తెల్లవాని తుపాకి దూరమున గురి తగులవలెను, నల్లవానిది తగులరాదు. ఇదియే నాటి రాజనీతి.

అట్టి తుపాకి నేడు చేజిక్కినవాడు, గురిపలక ఊడిపోయినదని భ్రమించి, విదేశమునుండి తెప్పించి బిగించును. తుపాకి చూడ ముచ్చటగా నుండును, కాని అబద్ధమాడును. చేతివ్రాత యెంత చక్కనిదైనను, తరువాత చేర్చిన పంక్తితో దస్తావేజు చెడునని మా న్యాయవాదు లెఱుగుదురు. ఆ చిన్నదిమ్మ లోపము కాదు, పరప్రభుత్వము తన భయమును తానే యినుముమీద వ్రాసియిచ్చిన వాఙ్మూలము. దానిని మనచేతులతో మనమే తుడిచివేయుదుమా?

శాసనమును గూడ మఱవరాదు. 1959 ఆయుధ శాసనపు 45వ సెక్షను, మరమ్మతు చేసినను పేలజాలని పురాతనాయుధమునకే మినహాయింపు నిచ్చినది. మరమ్మతుతో పేలునదానికి ఆ రక్షణ లేదు. కావున భాగములు కొనుటకు ముందు లైసెన్సు సంగతి తేల్చుకొనుట క్షేమము.

మా సలహా స్వల్పము. విఱిగిన ముక్కను పాఱవేయక దాచుడు. కొత్తగా చేర్చినదానిపై కనబడనిచోట సంవత్సరము చెక్కింపుడు. ఏది అసలో, ఏది అతుకో కాగితముపై వ్రాసి తుపాకితో నుంచుడు. ఎన్నడును లేనిదానిని కల్పింపకుడు.

ఆ తుపాకిని మనము పేల్చవలసిన పని లేదు. అది నోరుతెఱచి నిజము చెప్పిన చాలును.