బీరువా మెట్లెక్కేటప్పుడు

పిల్లలూ! మార్కులు తక్కువ వచ్చిన రోజున మాస్టారు మిమ్మల్ని ఏమని తిడతారు? "చదువుకోకపోతే మూటలు మోసుకొని బతకాల్సిందేరా!" అంటారు కదూ? నేనూ అన్నాను. ముప్పై ఏళ్ళకు దగ్గరగా సైన్సు పాఠాలు చెబుతున్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో మీకు చెప్పాలి.

అప్పట్లో నేను పనిచేసే బడికి ప్రయోగశాల కోసం ఒక చెక్క బీరువా కొన్నారు. అద్దాల తలుపులు, నాలుగు అరలు, మంచి బరువైన సరుకు. దుకాణం నుంచి ట్రాలీ ఆటోలో వచ్చింది. ప్రయోగశాల మేడమీద. వచ్చినవాళ్ళు ఇద్దరే హమాలీలు. ఒకాయనకు యాభై దాటి ఉంటాయి, రెండోవాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు. పెద్దాయన బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. మెట్లకేసి, మలుపుకేసి చూశాడు. "సార్, అరలు తీసి, తలుపులు ఊడదీస్తే మూడు విడతల్లో పైకి చేరుస్తాం. గంట పడుతుంది" అన్నాడు. నాకు తర్వాతి పీరియడ్‌లో క్లాసుంది. పైగా ఊడదీసిన తలుపులు మళ్ళీ సరిగ్గా పడతాయో లేదోనని అనుమానం. "అక్కర్లేదు, ఇట్లాగే ఎక్కించండి" అన్నాను.

మలుపు దగ్గర కిందవైపు ఉన్న కుర్రవాడు "అన్నా!" అని కేకవేసి కూలబడ్డాడు. పెద్దాయన వెనక్కి వాలి తాడు బిగబట్టాడు. ఈలోగా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి కింద భుజం పెట్టాడు. బీరువాకు గీతయినా పడలేదు. కుర్రవాడి నడుము మాత్రం పట్టేసింది. నెలరోజులు పనికి రాలేకపోయాడని తర్వాత తెలిసింది.

గంట కొట్టారు. నేను క్లాసుకు వెళ్ళాను. ఆ రోజు పాఠం ఏమిటో తెలుసా? తులాదండాలు.

సరే, ఆ రోజు నేను నల్లబల్లమీద వేయవలసిన లెక్కను ఇప్పుడు మీచేత వేయిస్తాను. బీరువా పొడవు 180 సెంటీమీటర్లు, మందం 45 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు అనుకోండి. పడుకోబెట్టి ఇద్దరు చెరో కొసా పట్టుకొన్నారు. చదును నేలమీద నడుస్తున్నంతసేపూ ఒక్కొక్కరికి 40 కిలోలు. ఇందులో వింతేమీ లేదు. మెట్లు ఎక్కడం మొదలుపెట్టగానే ఏమవుతుంది? ఇద్దరూ పట్టుకొన్నది కింది అంచును. గరిమనాభి ఆ అంచుకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. బీరువా వాలేకొద్దీ ఆ బిందువునుంచి గీసిన లంబరేఖ కిందివాడివైపు జరుగుతుంది. వాలు 45 డిగ్రీలైనప్పుడు బలభ్రామకాలు కట్టి చూడండి. పైవాడి వంతు 30 కిలోలు, కిందివాడి వంతు 50. మామూలు మెట్లు 30 డిగ్రీల వాలులో ఉంటాయనుకొన్నా 34, 46 వస్తాయి. మా బడి మెట్లు పాతకాలంవి, నిటారుగా ఉండేవి.

ఇద్దరూ కింది అంచును కాక పై అంచును పట్టుకొని ఉంటే? లెక్క తారుమారవుతుంది. 45 డిగ్రీల దగ్గర పైవాడికే 50 కిలోలు పడతాయి. నమ్మకం కలగకపోతే సుద్దముక్కల పెట్టెనిండా ఇసుక పోసి, రెండు స్ప్రింగు త్రాసులు తగిలించి చూడండి. పది నిమిషాల ప్రయోగం. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు. అక్కడ కత్తెర ఉంటుంది, అడకత్తెర ఉంటుంది, ఊగుడుబల్ల ఉంటుంది. బీరువా మోసే మనిషి మాత్రం ఉండడు.

మరి నడుము సంగతి? వంగి బరువెత్తినప్పుడు మన వెన్నెముక కూడా తులాదండమే. వీపు కండరాలు వెన్నుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. 20 కిలోల పెట్టెను వెన్నుకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకొంటే, ఆ కండరాలు 160 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. వంగిన ఒంటి బరువును ఇందులో ఇంకా కలపనే లేదు. అదే పెట్టెను పొట్టకు దగ్గరగా, 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొంటే 80 చాలు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. మనం ఒక సిమెంటు బస్తాలో పోసేది 50 కిలోలు!

సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు దగ్గర్లోనే బోయిగూడ ఉంది. బోయీలంటే పల్లకీలు మోసేవారు. పల్లకీలు పోయాయి, పేరు నిలిచింది. ఆ పేట కలప డిపోల ముందో, మరేదైనా ఫర్నిచర్ దుకాణం ముందో ఒక అరగంట నిలబడండి. దుంగకు తాడు ఎక్కడ కడుతున్నారు, గాజుబల్లను బండిలో పడుకోబెట్టకుండా నిలువునా ఎందుకు పెడుతున్నారు, తాడు బిగించేచోట అంచుకు గోనెపట్టా ఎందుకు మడిచి పెడుతున్నారు, అన్నీ గమనించండి. మీ అమ్మమ్మ బిందెకింద పెట్టుకొన్న చుట్టకుదురూ, హమాలీ తాడుకింద పెట్టిన గోనెపట్టా ఒకే సూత్రం: వైశాల్యం పెరిగితే పీడనం తగ్గుతుంది. అడగండి, ఎందుకలా చేస్తున్నారని. "అట్లా పెట్టకపోతే అంచు తింటది" అంటారు. మన పుస్తకం భాష వేరు, విషయం అదే.

ఇరుకు మలుపులో సోఫాను తిప్పడం ఎంత కష్టమో మీరు చూసే ఉంటారు. ఇది గణితశాస్త్రజ్ఞులనే చాలాకాలం తిప్పలు పెట్టింది. ఒక మీటరు వెడల్పున్న నడవా లంబకోణంలో మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోనుంచి జారిపోగల ఆకారాలలో అన్నిటికన్నా ఎక్కువ వైశాల్యం ఉన్నది ఏది? 1966లో లియో మోజర్ ఈ ప్రశ్న వేశాడు. 1968లో హామర్స్‌లీ పాత టెలిఫోను రిసీవరులా ఉండే ఒక ఆకారం చూపించాడు. దాని వైశాల్యం 2.2074 చదరపు మీటర్లు. 1992లో జెర్వర్ దాన్ని కాస్త సరిదిద్ది 2.2195 దాకా తెచ్చాడు. అంతకుమించి సాధ్యం కాదని 2024లో జినియన్ బేక్ అనే కొరియా గణితజ్ఞుడు సుదీర్ఘమైన రుజువు ప్రకటించాడు. సోఫా ప్రశ్నకు యాభై ఎనిమిదేళ్ళు! మన హమాలీలు ఆ రిసీవరు ఆకారం జోలికి పోరు. సోఫాను నిలువునా లేపి, ఒక కుర్చీ పట్టేంత చోటులో గిర్రున తిప్పేస్తారు. గణితజ్ఞుల ప్రశ్న తలానికి సంబంధించింది, వీళ్ళు మూడో దిశను వాడుకొంటారు. పైకప్పు అడ్డురానంతవరకు ఇదే మేలైన జవాబు.

కాని ఆ తెలివినంతా మోసేవాడే ఎందుకు చూపించాలి? తయారుచేసేవాడు ముందే ఆలోచించకూడదా? వియన్నాలో మైకేల్ థోనెట్ 1859లో ఒక కుర్చీ తయారుచేశాడు. ఆవిరిలో వంచిన చెక్క ముక్కలు ఆరు, మరమేకులు పది, నట్లు రెండు; అంతే. విడదీస్తే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. మీ బడిలోని కుర్చీని కొలవండి. 45 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల లోతు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే ఘనమీటరుకు అయిదు కూడా సరిగ్గా పట్టవు. అంటే బిగించిన కుర్చీలను లారీకెత్తితే మనం మోయించేది చాలామటుకు గాలినే! స్వీడన్‌లోని ఐకియా కంపెనీలో పనిచేసిన గిల్లిస్ లుండ్‌గ్రెన్ 1956లో ఒక బల్ల కారులో పట్టకపోతే దాని కాళ్ళు ఊడదీశాడు. విడిభాగాలుగా, అట్టపెట్టెల్లో అమ్మే వారి వ్యాపారం అలా బలపడింది. ఆ కంపెనీ మనదేశంలో మొదటి దుకాణం తెరిచింది హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టు 9న.

ఇదంతా విదేశాల గొప్ప అనుకోకండి. మన పట్టెమంచం ఏమిటి? కోళ్ళు వేరు, పట్టెలు వేరు. ఊరు మారినప్పుడల్లా విడదీసి ఎడ్లబండిమీద వేసుకొని వెళ్ళి, కొత్త ఇంట్లో చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మంచం సిద్ధం. తాతలనాటి మంచాలు ఎన్నోసార్లు ఇలా విడిపోయి కలిసినవే. ఇప్పటి పొట్టుచెక్కతో చేసిన బీరువాను రెండోసారి విప్పితే మరమేకు పట్టు దొరకదు, రంధ్రం వదులైపోతుంది. ఈ విషయంలో మన వడ్రంగి నేర్పే నాకు మెరుగనిపిస్తుంది. కాకపోతే పట్టెమంచం చేసినట్టు బీరువానూ, సోఫానూ చేయమని మనం వడ్రంగిని అడగడం మానేశాం. నిగనిగలాడే పాలిషు అడుగుతాం, ఎన్ని ముక్కలవుతుందో అడగం.

కలప విషయంలో ఇంకొక చిన్న సంగతి. ఎండాకాలంలో సికింద్రాబాద్‌లో చేయించిన చెక్క సొరుగు కాకినాడ చేరాక బిగుసుకుపోవచ్చు. సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. చెక్క ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది. పొడవునా దాదాపు ఉబ్బదు, అడ్డంగానే ఉబ్బుతుంది. దోషం రవాణావాడిదని పోట్లాడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

"ఇంటిదాకా చేర్చడం ఉచితం" అని దుకాణాలు బోర్డులు పెడతాయి. మేడమీదికి మోసినవాడికి అది ఉచితంగా కనబడుతుందా? పెద్దవాడైన మగ కార్మికుడిచేత మోయించే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మనదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా గాయమయ్యేంత బరువు ఎవరిచేతా మోయించరాదని చెప్పింది. అయితే అది ఫ్యాక్టరీ గోడల లోపలి మాట. నాలుగో అంతస్తు మెట్లమీద ఎవరు చూడొచ్చారు? ప్రతి వస్తువుమీద ధర చీటీ ఉంటుంది. దాని పక్కనే బరువు ఎంత, మోయడానికి ఎంతమంది కావాలి, గరిమనాభి ఎక్కడుంది అని మూడు గుర్తులు వేస్తే దుకాణానికి అయ్యే ఖర్చెంత? విదేశాలకు పంపే పెద్ద పెట్టెలమీద గరిమనాభి గుర్తు వేయడం ఉంది. యంత్రం చెడిపోతుందేమోనని ఆ జాగ్రత్త. అదే గుర్తు మన సోఫామీద, మనిషి కోసం వేయమంటున్నాను.

మీలో కొందరు రేపు ఇళ్ళు కట్టే ఇంజనీర్లవుతారు, కొందరు కుర్చీలు, బల్లలు రూపొందిస్తారు. మెట్ల మలుపు గీసేటప్పుడు అక్కడినుంచి ఒక మంచం పైకి వెళ్తుందో లేదో కాగితం ముక్క కత్తిరించి తిప్పి చూడండి. నేను చూసిన కొత్త అపార్టుమెంట్లలో సోఫాలను బాల్కనీలోంచి తాళ్ళతో లాగిన సందర్భాలున్నాయి.

కొన్నేళ్ళ తర్వాత ఆ బడి ప్రయోగశాలను కింది అంతస్తుకు మార్చారు. బీరువాను దించడానికి ఈసారి వేరే హమాలీలు వచ్చారు. వాళ్ళు నోరు తెరవకముందే నేను స్క్రూడ్రైవరు పట్టుకొని తలుపులు ఊడదీయడం మొదలుపెట్టాను. అరలు ఒక విడత, తలుపులు ఒక విడత, ఖాళీ పెట్టె ఒక విడత. మొత్తం గంటా పది నిమిషాలు పట్టింది. ఒక తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు; కాగితం మడత పెట్టి మూయాలి.