కొట్టకపోయినా పేరు వేశారు

మన గ్రూపులో డ్రమ్స్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు కొందరు రష్ బ్యాండ్ నీల్ పియర్ట్ వీడియోలు చూసి "మావల్ల కాదన్నా" అని కర్రలు పక్కన పడేస్తున్నారు. నిజమే, ఆయన చుట్టూ గోడ కట్టినట్టు డ్రమ్స్. 'టామ్ సాయర్' (1981) వింటే ప్రతి దెబ్బా ముందే లెక్క కట్టి పెట్టుకున్నట్టుంటది. నాకూ ఇష్టమే.

కానీ నా ఓటు బిల్ బ్రూఫర్డ్‌కి. ఆయన స్నేర్ టంగుమంటది, దెబ్బ మనం అనుకున్న చోట పడదు. యెస్ బ్యాండ్ మంచి ఊపులో ఉండగా 1972లో వదిలేసి కింగ్ క్రిమ్సన్‌లోకి పోయాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో మిగతా ముగ్గురూ అప్పటికప్పుడు మెల్లగా ఒక బాణీ అల్లుతుంటే, ఈయన కర్రలు ఛాతీమీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క దెబ్బ కొట్టలేదు. అదే 'ట్రియో' పేరుతో 1974 ఆల్బంలో వచ్చింది. దాన్ని కట్టినవాళ్లలో ఈయన పేరూ వేశారు, కొట్టకుండా ఆగినందుకే!

పియర్ట్ కూడా అంత పేరొచ్చాక, 1990లలో, ఫ్రెడ్డీ గ్రూబర్ దగ్గర కర్ర పట్టుకోవడం నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. మీరేమో అప్పుడే ఆపేస్తామంటారు. ముందు 'ట్రియో' వినండి, తర్వాత కొట్లాడుదాం.