సమాచారపు చిరునామా

కలకత్తా శివారున బారానగర్‌లోని భారతీయ గణాంక సంస్థకు 1955లో ఇంగ్లండు నుండి ఒక కంప్యూటరు వచ్చినది. హెచ్.ఇ.సి.-2ఎం అని దాని పేరు. మన దేశపు తొలి డిజిటల్ కంప్యూటరుగా దానినే చెప్పుకొంటారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుగారు మహలనోబిస్ నెలకొల్పిన ఆ సంస్థలోనే అప్పుడు పని చేస్తూ ఉండేవారు. ఆ యంత్రపు జ్ఞాపకమంతా గిరగిర తిరిగే ఒక అయస్కాంతపు డ్రమ్ము. అందులో పట్టేవి 1,024 పదాలు. ఏ అంకె ఏ గడిలో ఉన్నదో ప్రోగ్రాము వ్రాసేవారే గుర్తుంచుకోవలెను. గడి తప్పితే లెక్క తప్పినట్లే.

ఈ బరువును వినియోగదారు తల మీద నుండి దించవలెనని ఐ.బి.ఎం.లోని ఎడ్గార్ కాడ్ 1970లో ఒక వ్యాసంలో వాదించినారు. ఏమి కావలెనో అడుగుట మన వంతు. అది ఎక్కడ ఉన్నదో వెదకుట యంత్రం వంతు. అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయం ఇందుకు చక్కని ఉపమానం. 1953లో బెల్వెడేర్ భవనంలో ప్రజలకు తెరచిన ఆ పుస్తక భాండారం, తరువాత అదే ఆవరణలోని భాషా భవన్‌కు మారినది. అందుకని పుస్తకం అడిగేవాడు బీరువాల దారి తెలుసుకోనక్కరలేదు కదా!

అయితే బీరువాల దారి ఎవరో ఒకరికి తెలియక తప్పదు. డేటాబేసులో ఆ బాధ్యత నిర్వాహకునిది. మన వర్తకులకు చిట్టా వేరు, ఆవర్జా వేరు. డేటాబేసు కూడ ప్రతి మార్పును ముందు చిట్టాకెక్కించి, తరువాత ఆవర్జాలో సవరిస్తుంది. ఆవర్జా ఉన్న డిస్కు చెడిపోతే పాత నకలు తెచ్చి, చిట్టా చదువుకొంటూ తిరిగి నిలబెట్టవచ్చును. రెండూ ఒకే డిస్కు మీద ఉంటే, నకలు తీసిన తరువాత జరిగినదంతా గంగపాలే. అది ఒకరి పింఛను కావచ్చును, మరొకరి పరీక్షా ఫలితం కావచ్చును.

ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వంటి వ్యవస్థలు ఇందుకొక మధ్యేమార్గం చూపినవి. నిర్వాహకుడు డిస్కులోని చోటుకొక పేరు పెడతాడు. దానిని టేబుల్‌స్పేస్ అంటారు. పట్టికలు ఆ పేరునే ఎరుగును. చోటు మార్చదలచినవాడు వ్యవస్థకు చెప్పి మార్చవలెను. చాటుగా ఫైళ్లు తరలిస్తే అది వాటిని కనుగొనలేదు. నాకిది సబబుగానే తోచును. కాని నిర్వాహకుడు పేర్లతోనే తృప్తి పడరాదు. పేర్లు రెండయినా, వాటి అడుగున ఉన్న డిస్కు ఒకటే కావచ్చును.