పెద్ద కంపెనీలో ఇంజినీర్ అప్రెంటిస్.. అది జాబ్ కాదు! మరి ఏడాదిలో చేతికొచ్చేదేంటి?

బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో ఆఫర్ రాలేదు. ఇంతలో ఈసీఐఎల్, బీడీఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి ఓ పెద్ద సంస్థ నుంచి నోటిఫికేషన్.. గ్రాడ్యుయేట్ ఇంజినీర్ అప్రెంటిస్‌లు కావాలని. వాట్సాప్ గ్రూపుల్లో అది 'జాబ్ నోటిఫికేషన్' పేరుతోనే తిరుగుతుంది. 'మావాడికి సెంట్రల్ గవర్నమెంట్ కంపెనీలో వచ్చింది' అని ఇంట్లో వాళ్లు చుట్టాలకు చెప్పేస్తారు కూడా. తిరకాసు ఇక్కడే ఉంది. చట్టం దృష్టిలో అది జాబ్ కాదు.

1961 నాటి అప్రెంటిసెస్ చట్టంలోకి ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లను 1973 సవరణతో తెచ్చారు. ఆ చట్టంలోని 18వ సెక్షన్ సూటిగానే చెబుతుంది.. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందే వ్యక్తి, కార్మికుడు కాదు. అందుకే పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు. అయితే ఫ్యాక్టరీలో భద్రత, ఆరోగ్యం, సంక్షేమం నిబంధనలు మాత్రం అప్రెంటిస్‌కూ వర్తిస్తాయి. శిక్షణలో ప్రమాదం జరిగి గాయపడితే పరిహారం ఇవ్వాల్సింది కంపెనీయే. ఈ సంగతి తెలియక నష్టపోయే అవకాశం ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్లకు 8,000. తొమ్మిది వేలను 30 రోజులకు భాగిస్తే రోజుకు 300. తెలుగు రాష్ట్రాల్లో 2025-26కి ఉపాధి హామీ కూలి రేటు 307 రూపాయలు! 26 పనిదినాల లెక్కన చూసినా అప్రెంటిస్‌కు పడేది 346. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువుకు ఈ తేడా ఎంత చిన్నదో చెప్పక్కర్లేదు. 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ దీన్ని దాదాపు 36 శాతం పెంచి 12,300 చేయాలని సిఫార్సు చేసింది. సిఫార్సు వేరు, కాంట్రాక్ట్‌పై ఉండే అంకె వేరు. చేరేవాళ్లు కాంట్రాక్ట్‌లో ఏముందో చూసుకోవాలి.

నాట్స్ పథకం కింద ఈ కనీస స్టైపెండ్‌లో సగాన్ని కేంద్రం భరిస్తుంది. అంటే కనీసమే ఇచ్చే కంపెనీకి ఓ ఇంజినీర్ నెలకు 4,500కే దొరికినట్టు. మరి కంపెనీలు ఎగబడి తీసుకోవాలి కదా? 30 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్ట్ సిబ్బందిని కూడా కలుపుకుని, తన బలంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నది రూల్. పెట్టుకోకపోతే జరిమానా.. తగ్గిన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆ తర్వాత 1,000. 4,500 ఇచ్చి పని నేర్పించడం కంటే 500 కట్టేయడమే చవక! 2014 సవరణలో జైలు శిక్ష తీసేసి ఈ అంకెలు పెట్టారు. భయం లేని చోట రూల్ ఎంత నడుస్తుందో తెలిసిందే.

గేటు దాటాక ఏం జరుగుతుంది?

మొదటి వారం గేట్ పాస్, సేఫ్టీ క్లాస్, హెల్మెట్, షూస్. రక్షణ సంస్థల్లో అయితే ఫోన్ గేటు దగ్గరే వదలాలి. ఆ తర్వాత అంతా ఏ విభాగంలో పడ్డారన్న దాన్ని బట్టే. టెస్టింగ్ బెంచ్ దగ్గరో, క్వాలిటీ కంట్రోల్‌లోనో పడితే కాలేజీ ల్యాబ్‌లో ఎప్పటికీ కనిపించని విషయాలు కనిపిస్తాయి. వర్క్ పర్మిట్ లేకుండా ప్యానెల్ ఎందుకు ముట్టుకోకూడదు, షిఫ్ట్ మారేటప్పుడు లాగ్ బుక్‌లో ఏం రాయాలి, ఓ చిన్న స్పేర్ పార్ట్ కోసం ఇండెంట్ ఎన్ని టేబుళ్లు తిరుగుతుంది.. ఇవి ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. సీనియర్ టెక్నీషియన్ దగ్గర నిలబడి నేర్చుకున్నవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి మాట ఉంటుంది.

అదే ఆఫీస్ సెక్షన్‌లో పడితే? జిరాక్స్‌లు, ఎక్సెల్ ఎంట్రీలు, ఫైళ్ల మోత. ఇంకో రకం కూడా ఉంది.. మనుషులు తక్కువున్న విభాగంలో రెగ్యులర్ ఇంజినీర్ చేసే పనంతా అప్రెంటిస్ చేస్తాడు. డ్రాయింగ్ గీసేది ఇతను, కింద సంతకం మాత్రం వేరేవాళ్లది. రాత్రి దాకా ఉండమనే చోట్ల గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 15వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. అనుమతి ఇవ్వాలన్నా అది శిక్షణకో, ప్రజా ప్రయోజనానికో అవసరమై ఉండాలి.

ఇంకో కోణం పెద్దగా చర్చకు రాదు. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్ వచ్చినవాడికి హాస్టల్ ఫీజు, బస్ పాస్ పోను ఆ తొమ్మిది వేలల్లో మిగిలేది ఏమీ ఉండదు. నెలనెలా ఇంటి నుంచి తెప్పించుకోవాల్సిందే. ఓ రైతు ఇంటి డబ్బు పెద్ద కంపెనీ శిక్షణ ఖర్చును మోస్తోందన్నమాట. ఈసీఐఎల్ చుట్టుపక్కల ఇల్లున్న కుర్రాడికి ఇది మంచి అవకాశం, ఊరి నుంచి వచ్చినవాడికి అప్పు. స్టైపెండ్ పెంపు కంటే ముందు వసతి గురించి ఆలోచించాలి.

ఏడాది అయ్యాక? ఉద్యోగం ఇచ్చి తీరాలని 22వ సెక్షన్ ఎక్కడా చెప్పదు. కాంట్రాక్ట్‌లో అలా రాసి ఉంటే తప్ప. 1995లో యూపీ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు మాత్రం ఓ మాట చెప్పింది.. మిగతావన్నీ సమానంగా ఉంటే నేరుగా వచ్చినవాళ్ల కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని. రైల్వే లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం అప్రెంటిస్ పూర్తిచేసిన వాళ్లకు కేటాయిస్తోంది కానీ, దానివల్ల లాభం ఎక్కువగా ఐటీఐ వాళ్లకే. ఇంజినీర్ పోస్టులకు చాలా ప్రభుత్వ సంస్థలు గేట్ స్కోరే అడుగుతాయి. కొన్ని నోటిఫికేషన్లలో అయితే అప్రెంటిస్ కాలాన్ని అనుభవంగా లెక్కించబోమని ముందే రాస్తారు.

'గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ' అన్నది వేరు.. అది జీతంతో మొదలయ్యే ఉద్యోగం. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది పొరబడుతున్నారు. పైగా ఒకసారి అప్రెంటిస్ చేసినవాళ్లకు మళ్లీ అవకాశం ఉండదు. కాబట్టి ఏ కంపెనీ అన్నదానికంటే ఏ విభాగంలో వేస్తారన్నది ముందే అడగడం మంచిది. నాట్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా డబ్బులు అడిగితే అది మోసమే. కాంట్రాక్ట్ ఆ పోర్టల్‌లో నమోదైందో లేదో చేరిన మొదటి నెలలోనే చూసుకోండి. మన రెండు రాష్ట్రాలకూ సర్టిఫికెట్ వచ్చేది చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ నుంచి. నమోదు లేకపోతే ఏడాది చివర అది రాదు.