యంత్రానికి ఒజ్జలము మనమే

ఉపగ్రహ చిత్రాన్ని కంప్యూటరుకు అప్పగించి, ఏది చెరువో, ఏది పొలమో, ఏది ఊరో వేరు చేయించడం నేడు మన విద్యార్థులకు సైతం సాధ్యమైనది. 2002లో ఆరంభమైన క్యూజీఐఎస్ అను పటరచనా సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తున్నది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలకూ రుసుము లేదు. ఆ చిత్రాలలో మిక్కిలి స్పష్టమైన వాటిలో ఒక్కొక్క గడి నేలపై 10 మీటర్ల చదరానికి సమానము. సాధనాలకు కొరత లేదు. కొరత అంతా వివేచనలోనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

పటం తప్పుగా వచ్చినప్పుడు విద్యార్థులు ముందుగా యంత్రాన్ని నిందిస్తారు. ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతిని విడిచి మరొకదానిని పట్టుకుంటారు. కాని దోషం తరచుగా పద్ధతిలో గాక, మనం నేర్పిన పాఠంలోనే ఉంటుంది. చిత్రంపై కొన్ని చోట్ల గీతలు గీసి, “ఇది నీరు, ఇది పైరు” అని మనం పేర్లు పెడతాము. యంత్రం వాటినే నేర్చుకుంటుంది. ఉస్తాద్ వంకరగా వ్రాసిన అలిఫ్‌ను షాగిర్ద్ వంకరగానే దిద్దుతాడు గదా!

తేట నీటిని మాత్రమే నమూనాగా చూపితే, గుర్రపుడెక్క కమ్మిన చెరువును యంత్రం పచ్చని పొలమంటుంది. ఎత్తైన భవనాల నీడను నీరనుకుంటుంది. కోత ముగిసిన బీడును కాంక్రీటు కట్టడంగా భ్రమిస్తుంది. కనుక ప్రతి వర్గానికీ దాని వివిధ రూపాలను చూపవలెను.

మరి రెండు లోపాలు కంటికి కనిపించవు. నమూనాలు అక్షాంశ రేఖాంశాలలోను, చిత్రం మీటర్ల లెక్కలోను ఉన్నను, క్యూజీఐఎస్ తెరపై రెండింటిని సరిగానే పేర్చి చూపుతుంది. వర్గీకరణ మాత్రం విఫలం కావచ్చును. రెండవది, 2022 జనవరి 25 నుండి కొత్తగా తయారైన సెంటినెల్-2 చిత్రాల అంకెలకు 1000 అదనంగా చేర్చబడుతున్నది. దానిని తీసివేయక, 2021 నాటి చిత్రంతో నేర్పిన పాఠాన్ని 2023 నాటి చిత్రంపై ప్రయోగిస్తే ఫలితం తారుమారగును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది శాతాల మోహము. నేర్పిన నమూనాలతోనే పరీక్షించడం, తరగతిలో జవాబులు చెప్పిన ప్రశ్నలనే పరీక్షలో ఇచ్చుట వంటిది. నూరు స్థలాలలో తొంబదియైదు నేల, అయిదు చెరువు అనుకొందము. అన్నిటినీ నేల అని వ్రాసిన పటానికి 95 శాతం మార్కులు వస్తాయి. దొరికిన చెరువు ఒక్కటైనను ఉండదు.

ఇది కేవలం మార్కుల సమస్య కాదు. చెరువులు కబ్జాకు గురియగుచున్న ఈ కాలంలో, పటంలో చెరువు లేకపోతే, “ఇక్కడ నీరెప్పుడున్నది?” అని అడిగేవారికి మన పటమే సాక్ష్యం కాగలదు.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటే. ప్రాజెక్టులలో శాతాన్ని మాత్రమే చూచి తృప్తి పడవలదు. ఏయే వర్గం ఎక్కడెక్కడ పొరబడినదో చూపే పట్టికను అడగవలెను. విద్యార్థులు చెరువుగట్టుకు స్వయంగా వెళ్ళి సరిచూచుటకు కనీసం ఒక దినమును, ప్రయాణపు ఖర్చును కేటాయించవలెను. విద్యార్థులారా! తెరపై చూచినదానిని నేలపై చూడనిదే పటానికి మీ పేరు పెట్టకండి.