వీపునొప్పి యంతయు వాయువు కాదు

సంపాదకమహాశయులకు,



గత ఆదివారపు సంచిక ఆరోగ్యపుటలో, రెక్కల నడుమ పుట్టి ప్రక్కటెముకల వెంబడి రొమ్మునకు ప్రాకెడు నొప్పిని గూర్చి మీరు ప్రచురించిన వ్యాసమును రెండుమారులు చదివితిని. రెండవమారు చదువునప్పుడు నా చేయి వణకినది. అది కేవలము వాయుదోషమనియు, కూర్చుండు తీరు సరిగా లేకపోవుట దానికి తోడగుననియు, ఎవరిచేతనైనను వీపు గట్టిగా తొక్కించుకొని గోరువెచ్చని నూనెతో మర్దనము చేయించుకొన్నచో మూడుదినములలో మాయమగుననియు, ఇంతమాత్రమునకు ఆసుపత్రుల చుట్టును తిరుగుట వృథావ్యయమనియు వ్యాసకర్తగారు నిస్సంశయముగా వ్రాసినారు. సరిగా ఈ మాటలనే పదిమంది నోట విని, నమ్మి, ఎనిమిది మాసముల కాలమును పోగొట్టుకొన్న ఇల్లు మాది. కావున నా లేఖ కొంత దీర్ఘమైనను, కొంత కటువైనను మన్నింపవలయును.

నా భార్యకు ఏబదియారవ యేట, సంక్రాంతికి అరిసెలు వండుచుండగా, వీపు నడుమ నొప్పి మొదలైనది. కలుకు పట్టినదనుకొంటిమి. పండుగ గడచినది, శివరాత్రి గడచినది, నొప్పి పోలేదు సరికదా, డొక్కల చుట్టును త్రాడు బిగించి కట్టినట్లు ముందునకు వచ్చి, రొమ్ము క్రిందుగా కడుపు మొదట నిలిచినది. కడుపు పట్టుకొని కూర్చున్నదిగదా యని వైద్యుడొకరు వీపును చూడకయే గ్యాసుబిళ్ళలు వ్రాసియిచ్చినారు. వెన్నుపూసల సందులనుండి వెలువడు నరములు ప్రక్కటెముకల వెంట ముందువఱకు చుట్టుకొని వచ్చుననియు, మూలము వెనుకనున్నను బాధ ముందు తెలియవచ్చుననియు మాకు ఆనాడు చెప్పినవారు లేరు. బిళ్ళలతో తగ్గకపోగా, ఎదురుకాళ్ళతో పుట్టినవారు తన్నినచో వీపుపట్టు విడుచునని చెప్పి, ఇరుగుపొరుగువారు అట్టివానినొకనిని పిలుచుకొనివచ్చిరి. అతడు మంచివాడే, అతనిపై నాకు కోపము లేదు. కాని నా భార్యను చాపపై బోర్ల పరుండబెట్టి, అతడు మడమతో వెన్నుమీద మూడుమారులు అదిమినప్పుడు ఆమె వేసిన కేక ఈనాటికిని నా చెవులలో నున్నది. అడ్డగింపక ప్రక్కన నిలుచుండి చూచినవాడను నేను.

ఆపైన రాత్రులందు ఆమెకు నిద్ర కఱవైనది. పండుకొన్నను తగ్గని నొప్పి, తెల్లవారుజామున మఱింత హెచ్చెడు నొప్పి. సాయంకాలమునకు ఒళ్ళు నులివెచ్చనగుట, రాత్రి చెమటలు పోయుట, చేతిగాజులు మోచేతివఱకు జారుట, అన్నియు కన్నులయెదుటనే జరుగుచుండగా, ఒకదానికి ఎండలనియు, వేఱొకదానికి ఉపవాసములనియు కారణములు కల్పించుకొంటిమి. శ్రావణమాసమున ఒకనాడు మా కోడలు తలంటి పోయుచు, "అత్తయ్యా, ఇక్కడ ఎముక పొడుచుకొచ్చిందేమిటి?" అని అడిగినది. రెక్కల కొసల నడుమ, వెన్నుమీద, చింతగింజంత గూను. వినాయకచవితి నాటికి నడకలో తూలుడు వచ్చినది. వీథిలో ఎడమకాలి చెప్పు జారిపోయినను ఆమెకు తెలియలేదు; వెనుక వచ్చుచున్న పిల్లవాడు తెచ్చి ఇచ్చినాడు.

పట్టణములో ఎముకల వైద్యునియొద్దకు పోయితిమి. ఆయన ఏ యంత్రమును ముట్టకముందే జేబులోని రూపాయిబిళ్ళను నేలపై వేసి, "అమ్మా, అది కాస్త తీసిపెట్టండి" అన్నారు. నా భార్య నడుము వంచలేదు. ఒకచేయి తొడపై ఊని, వీపును కఱ్ఱవలె నిటారుగా నిలిపి, మోకాళ్ళు మడచి గొంతుక్కూర్చుండి, ప్రక్కగా చేయి చాపి బిళ్ళను తీసినది. పిదప ఆయన వెన్నుపూసలపై ఒక్కొక్కదానిపై వ్రేలితో తట్టుచు దిగగా, ఆ గూనుకడ ఆమె ఉలికిపడినది. నేను తలవంచుకొంటిని. ఏలయన, నేలజారిన గరిటెను, వాకిట రాలిన పారిజాతములను ఆమె ఆఱుమాసములుగా ఆ విధముననే తీయుచుండగా ప్రతిదినమును చూచినవాడనే.

ఎమ్మారై తీయించి, సూదితో చీము తీసి పరీక్షింపగా తేలినది వెన్నుపూసల క్షయ. ప్రక్కటెముకలు అతికిన పూసలలో ఏడవ, ఎనిమిదవ పూసలు తినివేయబడి, చేరిన చీము వెన్నుపామును ఒత్తుచుండెను. దగ్గు లేదే, క్షయ యెట్లగునని నేనే వాదించితిని. మా పినతండ్రిగారు ఊపిరితిత్తుల క్షయతో మదనపల్లెకడ ఆరోగ్యవరపు క్షయచికిత్సాలయమునకు పోయిన కథ వినుచు పెరిగినవాడను గనుక, క్షయ యనిన దగ్గును, నెత్తురును తప్ప వేఱొక రూపము నాకు తోచలేదు. ఈ గూనునకు కారణమగు వ్యాధిని ఇంగ్లండున పాట్ అను శస్త్రవైద్యుడు 1779 లోనే వర్ణించెననియు, క్షయక్రిమిని కోఖ్ 1882 లో కనుగొనెననియు ఆ వైద్యుని నోటనే వింటిని. ఇంత పాత వ్యాధి మా యింట ఎనిమిది నెలలు గ్యాసు పేర చలామణి యైనది!

వీపునొప్పి కలవారందఱికిని క్షయ యని నేను వ్రాయుట లేదు. అత్యధికముగా అది కండరముల పట్టు, లేదా కీళ్ళ బిగువు. పన్నెండు పూసలకు పన్నెండు జతల ప్రక్కటెముకలు అతికియున్నచోట అంతమాత్రపు పట్టు సహజమే, అది కొన్ని వారములలో తానై తగ్గును. రొమ్ముటెముకను ప్రక్కటెముక కలియుచోట వ్రేలితో నొక్కగా అదే నొప్పి పుట్టినచో అచ్చటి మృదులాస్థి వాపు కావచ్చును. కాని ఎముకలు గుల్లబారిన ముదుసలి స్త్రీకి, నీళ్ళబిందె నెత్తినంతమాత్రమున, ఒక్కొక్కప్పుడు గట్టిగా దగ్గినంతమాత్రమున, పూస నలిగిపోవును. ఆమె వీపు తొక్కించిన ఏమగును? ఒకప్రక్కనే పట్టీవలె మంటపుట్టి, కొన్నిదినములకు పొక్కులు తేలినచో అది అక్కి. జేగురుతో అక్కి వ్రాయించుకొనుచు కూర్చుండుటకంటె, పొక్కులు కనబడిన మూడుదినముల లోపల మందు మొదలుపెట్టించుట మేలు. అన్యత్ర పుట్టిన క్యాన్సరు వెన్నుపూసలలో చేరుటయు కలదు. చెమటలతో, ఆయాసముతో రెక్కల నడుమ హఠాత్తుగా వచ్చు నొప్పి గుండెపోటు కావచ్చును. అప్పుడు నూనె వెచ్చజేయుచు కూర్చుండునంత వ్యవధి యెక్కడిది?

ఇంకొక్క మాట చెప్పక విడువలేను. ఆ వ్యాసము క్రిందనే, అదే పుటలో, మర్దనతైలపు ప్రకటన యొకటి అచ్చువేసితిరి. పై భాగమున మర్దనమే మందని బోధించి, క్రింది భాగమున ఆ నూనెను అమ్ముట ఏ పత్రికాధర్మము? నలుబదియేండ్లుగా మీ పత్రికను తెప్పించుకొనుచున్నాను; బడిలో పిల్లలచేత మీ సంపాదకీయములు చదివించి ఉచ్చారణ దిద్దినవాడను. అచ్చులో నున్నది సత్యమని నమ్మెడు పల్లెపాఠకుడు వ్యాసమునకును ప్రకటనకును నడుమ గీతను చూడడు. ఆ గీతను గీయవలసిన బాధ్యత మీది. ప్రకటనల ఆదాయము లేనిదే పత్రిక నడువదని నాకు తెలియును. అయినను ఆరోగ్యపుటలో దానికి చోటీయరాదు.

నా భార్య పండ్రెండు మాసములు ప్రభుత్వమువారు ఉచితముగా ఇచ్చిన బిళ్ళలు మ్రింగినది. శస్త్రచికిత్స అక్కఱలేకపోయినది. నాలుగవ మాసమున గోడ పట్టుకొని నడచినది. నేడు ఎవరి సాయము లేక చెఱువుగట్టువఱకు పోయి వచ్చుచున్నది. గూను మాత్రము పోలేదు, పోదనియు చెప్పినారు. మూడవ మాసముననే ఎవరైన ఆ రూపాయిబిళ్ళను నేలపై వేసియుండినచో ఆ గూను ఏర్పడకపోయెడిది.

కావున నా ప్రార్థన యిది. వచ్చు ఆదివారము అదే పుటలో, అంతే పెద్ద అక్షరములతో, ఈ క్రింది సంగతిని అచ్చువేయింపుడు: రాత్రి పండుకొన్నను తగ్గని వీపునొప్పి, దానితోడి జ్వరము, బరువు తగ్గుట, వెన్నుమీద పొడుచుకొనివచ్చిన ఎముక కలవారు మర్దనము చేయించుకొనక, వీపు తొక్కించుకొనక, వైద్యునికి చూపించుకొనవలెననియు, కాళ్ళలో తిమ్మిరిగాని బలహీనతగాని, మలమూత్రములపై పట్టు తప్పుటగాని తోచినచో ఆ దినముననే ఆసుపత్రికి పోవలెననియు. మీ వ్యాసమును కత్తిరించి గోడకంటించుకొన్నవారు మా వీథిలోనే ఇద్దఱున్నారు. వారికొఱకైనను ఆలస్యము చేయకుడు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు